ఉద్యోగానికి ముందు రెండు పరీక్షలు: నిజం, అప్పు

ఛత్తీస్‌గఢ్‌లోని చింతలనార్ దగ్గర 2010 ఏప్రిల్ 6న 76 మంది భద్రతా సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. అలాంటి చోట గస్తీ దారి ఒక్కరు బయటపెట్టినా ఎంత ముప్పో ఊహించవచ్చు. అందుకే దళాల్లో చేరేవారి పూర్వాపరాలు ముందే విచారిస్తారు. అప్పుల్లో మునిగినవాణ్ణి లొంగదీయడం తేలిక. దాచిన గుట్టు ఉన్నవాణ్ణి బెదిరించడం ఇంకా తేలిక.

దరఖాస్తు చేసే మన పిల్లలకు నేను రెండు సంగతులు చెబుతుంటాను.

మొదటిది నిజం. అటెస్టేషన్ ఫారంలో కేసులు, అరెస్టుల గురించి అడుగుతారు. కొట్టేసిన కేసైనా, అడిగితే రాయాల్సిందే. దాచితే నియామకం రద్దు చేయవచ్చని, చిన్న వయసులోని చిన్న తప్పయితే మన్నించవచ్చని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

రెండోది అప్పు. బ్యాంకు ఉద్యోగాల్లో ఇది మరీ కఠినం. అప్పు, కార్డు బాకీ ఎగవేసిన రికార్డున్నవారికి నియామకం ఉండదని స్టేట్ బ్యాంకు ఒక నియామక ప్రకటనలో నిబంధన పెట్టింది. ఆ నిబంధనను 2025లో మద్రాసు హైకోర్టు సమర్థించింది. తర్వాత తీర్చినా మరక వెంటనే పోదు. స్నేహితుడికి హామీ సంతకం పెట్టి, అతను కట్టకపోతే మీ రిపోర్టులోనూ కనిపిస్తుంది.

ప్రతి క్రెడిట్ బ్యూరో నుంచి ఏడాదికొక రిపోర్టు ఉచితం. ముందే చూడండి. తప్పుంటే సరిచేయించండి, బాకీ ఉంటే తీర్చండి, అడిగితే దాచకండి.