తొలి ఉద్యోగం ఇంట్లో కూర్చుని వద్దు

"జీతం కాస్త తక్కువైనా ఫర్వాలేదు సార్, మా అమ్మాయికి వర్క్ ఫ్రమ్ హోమ్ ఇచ్చే కంపెనీ ఏదైనా చెప్పండి." నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు చాలామంది ఇదే అడుగుతున్నారు. హాస్టల్ ఖర్చు మిగులుతుంది, పిల్ల కళ్లెదుటే ఉంటుంది, ఈలోగా సంబంధాలూ చూడొచ్చు. ఆ పిల్ల పని ఎవరి దగ్గర నేర్చుకుంటుందన్న ఆలోచన మాత్రం ఎవరికీ రావడం లేదు.

తెనాలికి చెందిన ఒక అమ్మాయి ఇంటి నుంచి పనిచేస్తూ ఎనిమిది నెలలకే నన్ను కలిసింది. కోడ్‌లో ఎక్కడైనా ఆగిపోతే సీనియర్‌కు మెసేజ్ పెట్టి గంటల తరబడి ఎదురుచూస్తోంది. ఆఫీసులోనైతే కుర్చీ పక్కకు తిప్పి అడిగితే తేలిపోయేది. అన్నం తింటున్నా ఆఫీసు చాట్‌లో తన పేరు పక్కన పచ్చ చుక్క ఆరిపోకుండా ఎడమచేత్తో మౌస్ కదుపుతూ ఉంటుంది. రాత్రి పదింటికి పని చెప్పే మేనేజరూ, మీటింగ్ మధ్యలో గ్యాస్ బండ తీసుకోమనే అమ్మా అనేది ఒకటే మాట: "ఇంట్లోనే ఉన్నావుగా!"

మన దేశంలోనే ఒక పెద్ద ఐటీ సంస్థలో 48 వేల మందికి పైగా ఉద్యోగులపై చేసిన అధ్యయనం 2024లో వెలువడింది. ఇంటి నుంచి పనిచేసినప్పుడు వాళ్లిచ్చిన కొత్త ఆలోచనల సంఖ్య తగ్గలేదు గానీ నాణ్యత తగ్గింది. కొందరు ఇంట్లో, కొందరు ఆఫీసులో ఉన్న హైబ్రిడ్ రోజుల్లో సంఖ్య కూడా పడిపోయింది. అందుకే హైబ్రిడ్ ఆఫర్ వస్తే టీమంతా ఒకే రోజుల్లో ఆఫీసుకు వస్తుందో లేదో ముందే అడగండి.

పని చేతికొచ్చినవాళ్ల సంగతి వేరు. చైనాలో ట్రిప్.కామ్ 1,612 మందితో ప్రయోగం చేసింది. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పనిచేయనిస్తే ఉద్యోగం మానేసేవాళ్లు మూడో వంతు తగ్గారు, పనితీరు దెబ్బతినలేదు. పసిపిల్లల తల్లులకు, దూరాభారం ఉన్నవాళ్లకు నేనూ అదే మంచిదంటాను.

ఎప్పటికీ ఇంటి నుంచే అన్న భరోసా కూడా పెట్టుకోకండి. 2025 నాటికి పాతిక శాతం మంది ఆఫీసుకు వస్తే చాలని 2020లో చెప్పిన టీసీఎస్, 2023 అక్టోబరు నుంచి వారానికి ఐదు రోజులూ రమ్మంది.

ఈ మోజును సొమ్ము చేసుకునేవాళ్లతో ఇంకా జాగ్రత్త. "వర్క్ ఫ్రమ్ హోమ్ జాబ్ గ్యారంటీ" అంటూ వేలకు వేలు గుంజే కోర్సులకు ఫీజు కట్టకండి. రిజిస్ట్రేషన్ అనో, ల్యాప్‌టాప్ డిపాజిట్ అనో డబ్బు అడిగారంటే అది ఉద్యోగం కాదు. టెలిగ్రామ్‌లో రేటింగులిస్తే కమీషన్ అనే టాస్కులూ అంతే. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

బీటెక్ అయినా, ఎంసీఏ అయినా, మామూలు డిగ్రీ అయినా నా సలహా మారదు. మొదటి రెండేళ్లు హైదరాబాదో, విశాఖో, బెంగళూరో పంపండి. హాస్టల్ అద్దెను చదువు ఖర్చులో చివరి వాయిదా అనుకోండి. సంబంధాల కోసం మాత్రం పిల్లను ఇంట్లో కట్టేయకండి.