ఖాళీలో సరైన మాట పెట్టడం ఎలా?

"సరైన పదంతో ఖాళీని పూరించండి" అని ప్రశ్నపత్రంలో కనబడగానే చాలామంది పిల్లలు వాక్యాన్ని సగం చదివి, కింద ఇచ్చిన నాలుగు మాటల మీదికి వెళ్లిపోతారు. వాటిలో ఎప్పుడో విన్న మాటో, బరువుగా అనిపించిన మాటో ఏరుకుంటారు. టెట్, డీఎస్సీలకు చదివే పెద్దవాళ్లలోనూ ఈ అలవాటు ఉంది. పర్యాయపదాల పట్టికలు బట్టీపట్టినా మార్కులు పోయేది ఇక్కడే. పర్యాయపదాలన్నీ ఒకదాని బదులు ఇంకొకటి వాడుకోగలిగినవి కావు. ఖాళీలో ఏ మాట పెట్టాలో చుట్టూ ఉన్న మాటలే చెబుతాయి. "ఇదిగో, ఈ మాట వల్ల" అని వాక్యంలో వేలుపెట్టి చూపించగలిగితేనే అది సమాధానం. చూపించలేకపోతే ఊహ మాత్రమే.

ఇది మనకు కొత్త సంగతి కాదు. సంస్కృతంలో సైంధవమంటే ఉప్పు, గుర్రం కూడా. భోజనానికి కూర్చున్నవాడు "సైంధవం తీసుకురా" అంటే ఉప్పు తేవాలి. ప్రయాణానికి బయల్దేరినవాడు అంటే గుర్రాన్ని తేవాలి. శాస్త్రాలు చెప్పేవారు తరచుగా ఇచ్చే ఉదాహరణ ఇది. మాటకు అర్థం తేల్చే ఆధారాలను భర్తృహరి 'వాక్యపదీయం'లో వరసగా చెప్పాడు. సాహచర్యం, విరోధం, ప్రయోజనం, ప్రకరణం, ఔచిత్యం, దేశం, కాలం వాటిలో కొన్ని. కింద చెప్పే మెట్లు కూడా ఆ దారిలోవే.

1. ముందు నాలుగు మాటలనూ చేత్తో మూసేయండి

వాక్యాన్ని చివరిదాకా చదవండి. ముందూ వెనకా ఇంకో వాక్యముంటే అదీ చదవండి. తర్వాత ఖాళీలో మీకు తోచిన మాట పెట్టుకోండి.

"వారం రోజులుగా ముసురు పట్టడంతో ఆరబోసిన మిరపకాయలు ______ పోయాయి."

మీకు 'తడిసి' అని తోచిందనుకుందాం. ఇప్పుడు చెయ్యి తీసి చూడండి: ఎండి, రాలి, మెత్తబడి, మాగి. మీరు అనుకున్న మాట లేదు. దానికి దగ్గరగా వచ్చేది 'మెత్తబడి' ఒక్కటే. ముందే ఒక మాట అనుకున్నారు కాబట్టి, మిరపకాయల పక్కన ఎప్పుడూ వినిపించే 'ఎండి' మిమ్మల్ని మోసగించలేదు.

2. విభక్తినీ క్రియనూ చూడండి

అర్థం కుదిరినా వాక్యం కుదరని మాటలుంటాయి.

"ఆ ఊరి రైతులు వాన మీద ______." (నమ్ముకున్నారు, ఆధారపడ్డారు, ఆశ్రయించారు)

మూడు మాటల భావమూ ఇంచుమించు ఒకటే. కానీ దేన్నైనా నమ్ముకుంటాం, ఎవరినైనా ఆశ్రయిస్తాం, దేని మీదైనా ఆధారపడతాం. ఇక్కడ 'మీద' ఉంది కాబట్టి 'ఆధారపడ్డారు' తప్ప వేరేది పొసగదు. ఖాళీ తర్వాత 'కురిశాయి' ఉంటే 'వానలు' పెట్టాలి, 'కురిసింది' ఉంటే 'వాన' పెట్టాలి. అర్థం గురించి ఆలోచించే ముందే ఈ పరీక్ష చేస్తే సగం మాటలు పక్కకు పోతాయి.

3. మలుపు తిప్పే మాటల కింద గీత గీయండి

కానీ, అయినా, చేసినా, చదివినా వంటివి వస్తే తర్వాతి మాట ఎదురు తిరుగుతుంది. కాబట్టి, అందుకే, పట్టడంతో వంటివి వస్తే ఫలితం వస్తుంది. "వానలు బాగా పడ్డాయి కాబట్టి చెరువు ______" అంటే నిండింది. "వానలు బాగా పడ్డాయి, అయినా చెరువు ______" అంటే నిండలేదు. ఒక్క చిన్న మాటతో సమాధానం తలకిందులైంది.

'అంటే' వస్తే వాక్యం తానే అర్థం విప్పుతోందని గుర్తించండి. "కళ్లం, అంటే పంట నూర్చే చోటు" అని ఉంటే పొలం చూడని పిల్లలకు కూడా కళ్లం తెలిసిపోతుంది. 'వంటి' వస్తే ముందున్న జాబితా ఏ కోవదో చూడండి. "జొన్న, సజ్జ, రాగి వంటి ______" అన్నప్పుడు పప్పుధాన్యాలు, నూనెగింజలు రావు. చిరుధాన్యాలే రావాలి.

4. ఏ మాటకు ఏ మాట జోడో చూడండి

తెలుగు సొగసంతా ఇక్కడే ఉంది. శుభ్రం చేయడమనే ఒక్క పనికే మనకు ఎన్ని మాటలో చూడండి: ఉతకడం, తోమడం, కడగడం, అలకడం, ఊడ్చడం. వీటిని ఈ వాక్యాల్లో పెట్టి చూద్దాం.

"చింతపండు రాసి ఇత్తడి బిందెను తళతళలాడేలా ______."
"పేడ కలిపిన నీళ్లతో మట్టి అరుగును ______."
"చీపురు తీసుకుని వాకిలి ______."
"రెండుసార్లు నీళ్లు పోసి బియ్యం ______."

వరసగా తోమింది, అలికింది, ఊడ్చింది, కడిగింది. మొదటి వాక్యంలో 'కడిగింది' కూడా సరిపోతుంది కదా అనిపించవచ్చు. కడగడానికి నీళ్లు చాలు. ఇత్తడి మెరవాలంటే రుద్దాలి. చింతపండు, తళతళ రెండూ రుద్దడాన్నే చూపిస్తున్నాయి. రెండు మాటలు పోటీపడినప్పుడు దేనికి ఎక్కువ ఆధారాలున్నాయో దాన్నే తీసుకోండి.

పాలు పితుకుతారు, కల్లు గీస్తారు. నారు పోస్తారు, నాట్లు వేస్తారు, కుప్ప నూరుస్తారు. మల్లెపూలు దారంతో కడతారు, సూదితో గుచ్చుతారు. ఇలాంటి జోడీలను విడివిడి మాటలుగా కాకుండా జంటగానే నోట్‌బుక్కులో రాసుకోండి.

5. ఎవరి గురించి, ఏ మనసుతో అంటున్నారో గమనించండి

తినడం, భోంచేయడం, ఆరగించడం, మెక్కడం: పని ఒక్కటే, మర్యాద వేరు. "పెళ్లికి వచ్చిన పెద్దలు తృప్తిగా ______" అంటే భోంచేశారు. "అందరికీ ఉంచిన అరిసెలన్నీ వాడొక్కడే ______" అంటే మెక్కాడు. 'వాడొక్కడే' అనడంలోనే కోపం ఉంది. వాక్యంలో మెచ్చుకోలు ఉందా, నింద ఉందా, గౌరవం ఉందా అని ఒక్క క్షణం అడిగి చూడండి.

6. ఒకే మాటకు నాలుగు అర్థాలుంటే పక్కవాటిని అడగండి

చుక్క ఆకాశంలో నక్షత్రం, కుళాయి దగ్గర నీటిబొట్టు, ముగ్గులో గుర్తు. అంటు తోటలో మామిడి మొక్క, వంటింట్లో తోమాల్సిన గిన్నె, జబ్బు పక్కన చేరితే ఒకరి నుంచి ఒకరికి సోకేది. ప్రాంతం కూడా ఒక ఆధారమే. 'గట్టు' అనగానే కోస్తావాళ్లకు చెరువు ఒడ్డో, పొలం హద్దో గుర్తుకొస్తుంది. తెలంగాణ పల్లెల్లో గట్టంటే కొండ కూడా. కథ ఏ ఊళ్లో జరుగుతోందో చూసి అర్థం తేల్చుకోండి.

7. పెట్టి చదవండి, మిగతావి ఎందుకు కావో చెప్పండి

"మూడేళ్లుగా వానలు లేవు. బావులు ఎండిపోయాయి. అయినా ఆ ఊరి రైతులు వలస పోలేదు. ఉన్న కొద్దిపాటి నీటినే ______ వాడుకుని పంట తీశారు." (విచ్చలవిడిగా, పిసినారిగా, పొందికగా, పొదుపుగా)

'కొద్దిపాటి' ఉంది కాబట్టి విచ్చలవిడిగా కాదు. 'అయినా', 'పంట తీశారు' రైతులను మెచ్చుకుంటున్నాయి. పిసినారితనం నింద, అదీ పోయింది. పొందిక అమరికకు చెందినది, ఇక్కడ మాట్లాడుతున్నది నీటి కొలత గురించి. మిగిలింది 'పొదుపుగా'. మూడింటిని కాదనడానికి మూడు కారణాలు దొరికాయి, ఇక సందేహం అక్కర్లేదు.

మీరు చేసి చూడండి

అ) మాట ఇచ్చాడు కానీ దాన్ని ______. (నిలబెట్టుకున్నాడు, తప్పాడు, నిలబెట్టుకోలేదు)
ఆ) అమ్మమ్మ సూది లేకుండానే మల్లెలు దండగా ______. (గుచ్చింది, కట్టింది, కోసింది)
ఇ) తండ్రి ఆస్తిలో చెల్లెలికి రావలసిన ______ ఆమెకు రాసిచ్చారు. (విడత, వంతు, మోతాదు)

జవాబులు: అ) నిలబెట్టుకోలేదు. 'కానీ' ఎదురు తిప్పింది. 'మాట తప్పాడు' అంటాం గానీ 'దాన్ని తప్పాడు' అనం. ఆ) కట్టింది. సూది లేదు, దండ ఉంది. ఇ) వంతు. విడత సమయానికి, మోతాదు మందుకు సంబంధించినవి.

నిఘంటువు ఎప్పుడు తెరవాలి?

ముందు మీరు ఊహించాలి, ఆ తర్వాతే తెరవాలి. 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువులో అర్థాలతో పాటు వాడుకలు కూడా దొరుకుతాయి. బహుజనపల్లి సీతారామాచార్యుల 'శబ్దరత్నాకరం' కావ్యాల మాటలకు అక్కరకొస్తుంది. నాట్లు, నూర్పిళ్ల మాటలకైతే భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన వ్యవసాయ పదకోశం ఉంది. అర్థం చూసి ఊరుకోకుండా, ఆ మాటను ఎలా వాడారో చదవండి.

పరీక్ష ఉన్నా లేకపోయినా ఈ సాధన మానకండి. రోజూ దినపత్రికలో ఒక పేరా తీసుకుని, పిల్లల చేత ఒక మాటను వేలితో మూయించండి. అక్కడ ఏ మాట రావాలో అడగండి. చెప్పాక "ఎలా తెలిసింది?" అని తప్పకుండా అడగండి. జవాబు కన్నా ఆ కారణం చెప్పడమే ముఖ్యం. కారణం చెప్పడం అలవాటైన పిల్లలు, ముందెన్నడూ చూడని వాక్యం ఎదురైనా తడబడరు.