ముడుచుకోవడమే ముప్పయిన అలుగు

చిరుతపులి ఎదురైతే అలుగు పారిపోదు. తలను పొట్టలోకి దాచుకుని, బలమైన తోకను చుట్టూ బిగించి బంతిలా ముడుచుకుంటుంది. దాని పొలుసులు మన గోళ్లలో ఉండే కెరాటిన్‌తోనే తయారైనా, చిరుత కోరలు వాటిలో సులభంగా దిగవు. ఎన్నో యుగాలుగా కాపాడిన ఈ ఉపాయమే మనిషి ముందు దాని ప్రాణం తీస్తోంది. ముడుచుకున్న అలుగును పట్టడానికి వల గానీ తుపాకీ గానీ అక్కర్లేదు. ఎత్తి గోనెసంచిలో వేసుకుంటే చాలు.

ప్రపంచంలోని ఎనిమిది అలుగు జాతుల్లో రెండు మన దేశంలో ఉన్నాయి. చైనా అలుగు ప్రధానంగా ఈశాన్య రాష్ట్రాల్లో కనిపిస్తుంది. భారతీయ అలుగు నల్లమల సహా దేశంలో చాలాచోట్ల బతుకుతోంది. దీనికి పళ్లు లేవు. రాత్రిపూట వాసన పట్టి, ముందుకాళ్ల గోళ్లతో పుట్టలు తవ్వి, జిగురు నాలుకతో చీమలను, చెదలను లాక్కుంటుంది. మింగిన ఇసుక, చిన్న రాళ్లే కడుపులో తిరగలి పని చేస్తాయి. ఒక కాన్పులో సాధారణంగా ఒక్కటే పిల్ల. అందుకే వేటలో పోయిన సంఖ్య త్వరగా పూడదు.

చట్టంలో లోటేమీ లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో అలుగు ఉంది. దాన్ని వేటాడితే మూడేళ్లకు తగ్గకుండా జైలు. 2016లో సైట్స్ సభ్యదేశాలు మొత్తం ఎనిమిది జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించాయి. అయినా పొలుసులకు ఔషధ గుణం ఉందన్న నమ్మకం గిరాకీని బతికిస్తోంది. గోళ్లు కొరికితే రోగం తగ్గుతుందా? ఇదీ అంతే. ఇక, ప్రాణాలతో పట్టుబడిన అలుగు బతికి బట్టకడుతుందన్న భరోసా కూడా లేదు. భయంతో నీరసించిన ఆ జంతువుకు అలవాటైన తిండి పెట్టడమే కష్టం. అందువల్ల దాన్ని ఉన్నచోటే కాపాడుకోవాలి.

ఉన్నచోటు ఎవరిదన్నదే అసలు చిక్కు. మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లాలో అడవి చాలావరకు ప్రైవేటు భూముల్లోనే ఉంది. కలప కోసం, మామిడి, జీడిమామిడి తోటల కోసం కొండవాళ్లను చదును చేస్తే పుట్టలు, బొరియలు కూడా పోతాయి. అక్కడ కొత్త బొరియ ఎక్కడుందో ముందు తెలిసేది ఊరివాళ్లకే. ఆ కబురు వేటగాడికి చేరితే ఒక ఫలితం, అటవీశాఖకు చేరితే మరో ఫలితం. సహ్యాద్రి నిసర్గ మిత్ర అనే సంస్థ ఆ ఊళ్లలోనే పని మొదలుపెట్టింది. అలుగును మరాఠీలో ‘ఖవలే మాంజర్’, అంటే పొలుసుల పిల్లి అంటారు. 2020లో చిప్లూణ్ దగ్గరి దుగవే గ్రామస్థులు దాని పేరిట ‘ఖవలోత్సవ్’ జరిపి, అలుగు బొమ్మను పల్లకీలో ఊరేగించారు.

ఊరు దేవుడి పక్కన చోటిచ్చిన జంతువు జాడను వేటగాడికి చెప్పడానికి ఎవరైనా కాస్త జంకుతారు. అయితే గొడ్డలికి ఆ జంకు ఉండదు. చెట్లు కొట్టకుండా ఉంచిన రైతుకు ఆ భూమి మీద ఏదో ఒక ఆదాయం చూపించే పని ఇంకా మిగిలే ఉంది.