లారీ డ్రైవరు ఇంట్లో ఫోను



మన వరంగల్‌లో లారీ నడిపే ఇండ్లు ఎన్నో ఉన్నయి. ఎనుమాముల మార్కెట్ నుంచి మిర్చి బస్తాలు పోతయి. పత్తి బేళ్లు పోతయి. లారీ ఎక్కిన మనిషి నాలుగు దినాలకు వస్తడో, పది దినాలకు వస్తడో చెప్పలేం. ఇంట్ల ఆడమనిషి కండ్లు దారి మీదనే ఉంటయి.

వెనుకట ఎస్టీడీ బూతులు ఉండేవి. డ్రైవరు ఏ ఊర్లనో బండి ఆపి, పక్కింటి ఫోనుకు చేసేటోడు. వాళ్లు వచ్చి మనల్ని పిలిచేటోళ్లు. మనం ఉరికేసరికి బిల్లు పెరిగేది. ఇప్పుడు చేతి ఫోను వచ్చింది. ఫోను తెర మీద చిన్న చిన్న బొమ్మలు ఉంటయి. ఒక్కో బొమ్మ ఒక్కో పనిముట్టు. దాన్నే యాప్ అంటరు.

డ్రైవరుకు పనికొచ్చే యాపుల సంగతి మనకెందుకు? డ్రైవరు చేతులు స్టీరింగు మీద ఉంటయి. కండ్లు రోడ్డు మీద ఉంటయి. ఫోను నిదానంగా చదివే తీరిక ఇంట్ల ఉన్నోళ్లకే దొరుకుతది. మగోళ్ల ఫోను ఆడోళ్లు ముట్టద్దని కొందరు అంటరు. ఆ ఫోను కూడా ఇంటి పైసలతోనే కొన్నది కదా!

ముందు ఫోను భాష తెలుగులోకి మార్చండి. పండ్ల చక్రం లాంటి బొమ్మ ఉంటది. దాని పేరు సెట్టింగులు. అందులో భాష అనే చోట తెలుగు ఎంచుకోండి. ఇక మీరు నేర్చుకున్న అక్షరాలే తెర మీద కనబడతయి. 'అనుమతించు' అంటే సరే, నా ఫోనులోకి రా అని. 'తిరస్కరించు' అంటే వద్దు అని. ఈ రెండు మాటలు పదిసార్లు చదవండి. ఎందుకో ముందు ముందు తెలుస్తది.

టోలు గేటు

హైదరాబాదు పోయే రోడ్డు మీద కోమళ్ల దగ్గర ఒక టోలు గేటు ఉంది. బీబీనగర్ దగ్గర గూడూరులో ఇంకొకటి. లారీ అద్దానికి ఒక చీటీ అతికిస్తరు. అదే ఫాస్టాగ్. 2021 ఫిబ్రవరి నుంచి జాతీయ రహదారుల మీద ఇది తప్పనిసరి. గేటు దగ్గర యంత్రం ఆ చీటీని చదివి, ఖాతాలో పైసలు కోసుకుంటది.

ఖాతాలో పైసలు లేకపోతే నష్టం. 2025 నవంబరు 15 నుంచి కొత్త రూలు వచ్చింది. ఆ రూలు వచ్చినప్పుడు ఫాస్టాగ్ పనిచేయకపోతే నగదు కట్టేటోళ్లకు రెండింతలు పడేది. ఫోనుతో యూపీఐ కడితే ఒకటింబావు. టోలు 400 రూపాయలు అనుకోండి. నగదైతే 800. యూపీఐ అయితే 500. ఒక్క గేటుకు 400 రూపాయలు ఊరికే పోతే, అది ఒక పూట కూలి కన్నా ఎక్కువ!

అందుకని బండి బయలెల్లే ముందు బాకీ చూడాలి. ఫోన్‌పే, గూగుల్ పే లాంటి యాపుల్లో ఫాస్టాగ్ రీచార్జి అనే మాట ఉంటది. బండి నంబరు కొట్టాలి. పేరు వస్తది. ఆ పేరు మన బండి ఓనరుదేనా అని చూసి, అప్పుడు పైసలు వేయాలి. ఇంట్ల కూసుండి మీరే వేయొచ్చు. 2025లో 3,000 రూపాయలకు ఏడాది పాసు వచ్చిందని విని ఉంటరు. అది సొంత కార్లకు, జీపులకు. లారీకి రాదు. ఎవరన్న లారీకి ఇప్పిస్తమని పైసలు అడిగితే నమ్మకండి.

కాగితాలు

లైసెన్సు, ఆర్‌సీ, ఇన్సూరెన్సు. వానకు తడుస్తయి. చినుగుతయి. డిజీలాకర్ అనే యాప్‌లో, ఎంపరివాహన్ అనే యాప్‌లో ఇవి ఫోనులోనే ఉంటయి. 2018లో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ఈ యాపుల్లో చూపెట్టిన కాగితం అసలు కాగితంతో సమానం. కానీ లైసెన్సును ఫోటో తీసి చూపెడితే చెల్లదు. ఆ యాప్ తెరిచి అందులోనే చూపెట్టాలి. డిజీలాకర్‌కు ఆధార్‌తో కలిసిన ఫోను నంబరు కావాలి. ఆ నంబరు సిమ్ము పడేసుకోవద్దు.

దారి

గూగుల్ మ్యాప్స్ తెలుగులో మాట్లాడి దారి చెప్తది. మంచిదే. కానీ అది మనకు చెప్పే దారి కారు కోసం. పైన లోడు ఎంత ఎత్తుందో, కింద రైలు బ్రిడ్జి ఎంత పొట్టిగుందో దానికి తెలియదు. సన్న సందుల్లోకి కూడా తోలుకపోతది. అక్కడ ఆగి, తోటి డ్రైవర్లను అడగాలె.

వాట్సాప్‌లో 'లైవ్ లొకేషన్' ఉంది. డ్రైవరు తన ఫోనులో దాన్ని నొక్కి పంపితే, బండి ఎక్కడ పోతుందో మన ఫోనులో కదులుతూ కనబడతది. 15 నిమిషాలు, 1 గంట, 8 గంటలు అని మూడు ఉంటయి. బయలెల్లేటప్పుడు 8 గంటలు పెట్టి పొమ్మనండి. కాపలా కాయడానికి కాదని ఆయనకు చెప్పండి. దాంతోని ఒక లాభం ఉంది. బండి కదులుతుంటే మనం ఫోను చేయం. బండి ఆగినంక చేస్తం. నడిచే బండిలో ఫోను మోగితే ప్రాణం మీదికి వస్తది. చట్టం కూడా నడిపేటప్పుడు ఫోను చేతిలో పట్టి మాట్లాడొద్దంటది. దారి చూసుకోవడానికి మాత్రమే వాడాలె, అదీ ధ్యాస చెదరకుండ.

బొమ్మ రాత్రంతా కదులుతనే ఉందా? అంటే ఆయన నిద్రపోలేదు. 1961లో మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చింది. 2025 దాకా అమల్లో ఉన్న ఆ చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు పని అన్నది. 5 గంటలు పనిచేసినంక కనీసం అర్ధగంట విశ్రాంతి ఇవ్వాలె అన్నది. మాల్ తొందరగా చేర్చాలని ఓనరు ఒత్తిడి పెడితే, ఈ మాట తెలిసి ఉండడం మంచిది.

లోడు దించినంక ఖాళీ బండి వస్తే డీజిలు దండుగ. బ్లాక్‌బక్ లాంటి యాపుల్లో తిరుగు లోడు వెతుకుతరు. "లోడు ఇస్తం, ముందు రెండు వేలు పంపు" అంటే పంపొద్దు. "నీకు పైసలు వేస్తం, పిన్ను కొట్టు" అంటే అసలే కొట్టొద్దు. మనకు పైసలు రావడానికి పిన్ను అక్కర లేదు. పోవడానికే కావాలె.

దొంగ చలాను

ఇది అందరికన్న ముఖ్యమైన సంగతి. వాట్సాప్‌ల ఒక మెసేజి వస్తది. "మీ బండి మీద చలాను ఉంది. వెంటనే చూడండి." సర్కారు ముద్ర కూడా ఉంటది. కింద ఒక ఫైలు. దాని పేరు చివర ఏపీకే అని మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉంటయి. డ్రైవరు అర్ధరాత్రి ఢాబా దగ్గర, నిద్ర కండ్లతో దాన్ని నొక్కుతడు. ఫోను అడుగుతది: మెసేజిలు చదవడానికి అనుమతించు. ఆయన నొక్కుతడు. ఇక బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీ దొంగకు కూడా పోతది. తెల్లారితే బండి కిస్తు కట్టాలె. ఖాతా చూస్తే ఖాళీ.

సర్కారు ఏ యాప్‌నూ వాట్సాప్‌లో పంపదు. చలాను ఉందో లేదో మనమే ఎంపరివాహన్‌లో గానీ, తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ వెబ్‌సైటులో గానీ బండి నంబరు కొట్టి చూడాలె. యాప్ కావాలంటే ప్లే స్టోర్ నుంచే తీసుకోవాలె.

ఒకవేళ నొక్కితే? వెంటనే ఆ ఫోనులో విమానం బొమ్మ నొక్కండి. ఫోనుకు బయటితో సంబంధం తెగుతది. ఇంకో ఫోను నుంచి 1930కి చేయండి. అది సైబర్ నేరాల నంబరు. బ్యాంకుకూ చెప్పి ఖాతా ఆపించండి. ఎంత తొందరగా చేస్తే పైసలు దొరికే ఆశ అంత ఎక్కువ. తిడతారని భయపడి దాచిపెట్టకండి. ఆ గంటలోనే పైసలు చేతులు మారుతయి.

ఆపద

జాతీయ రహదారి మీద బండి చెడిపోతే, ప్రమాదమైతే 1033. పోలీసుకు 112. అంబులెన్సుకు 108. 2025 మే నెలలో కేంద్రం ఒక పథకం తెచ్చింది. రోడ్డు ప్రమాదంలో దెబ్బలు తగిలినోళ్లకు, పథకంలో చేరిన దవాఖానల్లో 7 రోజుల వరకు, 1,50,000 రూపాయల దాకా మనం పైసలు కట్టకుండ వైద్యం చేస్తరు. దవాఖానలో ఈ మాట అడగండి.

బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది. ఏడాదికి 20 రూపాయలు. వయసు 18 నుంచి 70 దాకా. ప్రమాదంలో మనిషి పోతే ఇంటోళ్లకు 2 లక్షలు. మే నెల చివర ఖాతాలో ఆ 20 రూపాయలు ఉండాలె. లేకుంటే బీమా ఆగిపోతది. చాలా ఇండ్లల్ల ఈ బీమా ఉందని ఆడోళ్లకు తెలియనే తెలియదు. పాసుబుక్కు తీసి చూడండి.

చేసి చూడండి

ఫాస్టాగ్ ఖాతాలో 1,200 రూపాయలు ఉన్నయి. ఒక్కో గేటుకు 350 రూపాయలు. ఎన్ని గేట్లు దాటొచ్చు? ఎంత మిగులుతది?

1033, 112, 108, 1930. ఈ నంబర్లు ఒక అట్ట మీద పెద్దగా రాయండి. ఏది దేనికో పక్కన రాయండి. ఒకటి ఇంటి తలుపు వెనుక, ఒకటి లారీ క్యాబిన్‌లో అతికించండి.