గది బాడుగకు ఇవ్వబడును

తిరుపతి గుడికే కాదు, చదువుకూ పేరున్న ఊరు. 1954లో ఇక్కడ శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. 1983లో ఆడపిల్లల కోసం పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వచ్చింది. వేరే ఊళ్ల పిల్లలు ఇక్కడికి వచ్చి చదువుకుంటారు. హాస్టల్లో చోటు దొరకనివాళ్లు బయట గది వెతుక్కుంటారు.

ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంటే అది ఆడవాళ్లకు ఆదాయమే. కానీ గది ఉందని పిల్లలకు తెలియాలి కదా! అందుకే గేటుకు బోర్డు కడతారు. బోర్డు ఇలా రాయాలి:

కాలేజీ ఆడపిల్లలకు గది బాడుగకు ఇవ్వబడును.
ఇద్దరికి సరిపోతుంది.
బాడుగ నెలకు 4000 రూపాయలు.
అడ్వాన్సు 2 నెలల బాడుగ.
కరెంటు బిల్లు వేరు.
నీళ్లు ఉదయం మాత్రమే వస్తాయి.

నీళ్ల సంగతి రాస్తే ఎవరూ రారేమో అని భయపడకండి. దాచిపెడితే వచ్చినవాళ్లు నెల తిరక్కుండానే వెళ్లిపోతారు. గది మళ్లీ ఖాళీ! ఉన్నమాట రాస్తే, ఇష్టపడినవాళ్లే వస్తారు. చదువు అయ్యేదాకా ఉంటారు. పోయేటప్పుడు తోటి పిల్లలకు మీ ఇల్లు చూపించి పోతారు.

పిల్లల తల్లిదండ్రులతో ఒప్పందం కాగితం రాసుకోండి. సాధారణంగా 11 నెలలకు రాసుకుంటారు. అడ్వాన్సు ఎంత, ఎప్పుడు తిరిగి ఇవ్వాలి అన్నది కాగితంలో ఉండాలి. అంతా చదివాకే సంతకం చేయండి. వేలిముద్ర కాదు, సంతకం! నెలనెలా రసీదు ఇవ్వండి.

చెప్పండి, రాయండి:
1. పై బోర్డు ప్రకారం అడ్వాన్సు మొత్తం ఎంత?
2. ఇద్దరు పిల్లలు పంచుకుంటే నెలకు ఒక్కొక్కరి బాడుగ ఎంత?
3. మీ వీధిలో ఒక గదికి బోర్డు రాయండి.