బ్యాటరీ బండి కొంటున్నారా? మీటరుపై కన్నేయండి

పాలకేంద్రానికి, సంతకు వెళ్లిరావడానికి బ్యాటరీ స్కూటర్ కొనే రైతు సోదరులు ముందుగా ఈ లెక్క చూసుకోవాలి.

3 యూనిట్లు పట్టే బ్యాటరీ నిండాలంటే, చార్జరు వేడిలో పోయేదీ కలిపి మీటరు సుమారు మూడున్నర యూనిట్లు తిరుగుతుంది. యూనిట్ రూ.4.80 వంతున రూ.17 అవుతుంది. దాంతో బండి దాదాపు 90 కిలోమీటర్లు నడుస్తుంది.

అసలు మెలిక శ్లాబులో ఉంది. తెలంగాణలో 2024లో మొదలైన గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల వరకు వాడే అర్హులకు సున్నా బిల్లు వస్తుంది. అది దాటితే బిల్లు మొత్తం కట్టాల్సిందే.

ఇంటికి 160 యూనిట్లు కాలుతున్నాయనుకోండి. నెలకు 14 సార్లు చార్జింగు పెడితే మరో 49 చేరి 209 అవుతాయి. 2022-23లో వచ్చిన రేట్ల ప్రకారం మొదటి 200కు రూ.5.10, పై తొమ్మిదికి రూ.7.70 చొప్పున సుమారు రూ.1,089 పడుతుంది. ఫిక్స్‌డ్ చార్జీలు అదనం.

ఏం చేయాలి?

రెండు పాత 60 వాట్ల బల్బులు తీసి 9 వాట్ల ఎల్‌ఈడీలు పెట్టండి. రోజుకు 6 గంటల లెక్కన నెలకు 18 యూనిట్లు తగ్గుతాయి. నెల మధ్యలో ఓసారి రీడింగు రాసుకోండి.

బోరు మోటారు కనెక్షన్‌కు బండిని తగిలించవద్దు. ఆ ఉచిత కరెంటు సాగుకు మాత్రమే.