ఇటుకల రైలింజను

పొగబండి ఇంజను పక్కన నిలబడి చూసినవారికి ముందుగా కంటబడేవి దాని పెద్ద చక్రాలూ, వాటిని కలుపుతూ ముందుకూ వెనుకకూ ఆడే ఇనుప కడ్డీలూ. బాయిలరులో పుట్టిన ఆవిరి సిలిండరులోని పిస్టనును నెడుతుంది. పిస్టను కడ్డీని నెడుతుంది. కడ్డీ చక్రాన్ని తిప్పుతుంది. ఇంజను బరువూ, దాని వెనుక ఉన్న పెట్టెల బరువూ కదిలేది ఆ కడ్డీల బలం మీదనే.

ఇటువంటి ఇంజనును నిప్పూ నీరూ లేకుండా ప్లాస్టిక్ ఇటుకలతో కట్టి, పట్టాల మీద నడిపించవచ్చునా? నడిపించవచ్చు. కాని ఇందులో ఒక తిరకాసు ఉంది. నిజమైన ఇంజనులో కడ్డీ చక్రాన్ని తిప్పుతుంది. బొమ్మ ఇంజనులో మోటారు చక్రాన్ని తిప్పితే, ఆ చక్రం కడ్డీని ఆడిస్తుంది. చూపులకు రెండూ ఒకటే. లోపలి నడక మాత్రం తలకిందులు.

డెన్మార్క్ దేశంలోని బిల్లుండ్ అనే ఊరిలో ఓలే కిర్క్ క్రిస్టియన్సెన్ అనే వడ్రంగి 1932లో కొయ్యబొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. ఆ పనిశాలే లెగో సంస్థగా ఎదిగింది. బొడిపెలతో ఒకదానినొకటి గట్టిగా పట్టుకొనే ఇటుకకు ఆ సంస్థ 1958లో పేటెంటు కోరింది. పక్కపక్కనున్న రెండు బొడిపెల నడుమ దూరం 8 మిల్లీమీటర్లు. ఈ కొలత నేటికీ మారలేదు. అందుచేతనే తాతగారి పెట్టెలోని ఇటుక మనుమడి ఇటుకతో చక్కగా అతుకుతుంది.

ఈ సంస్థ 1966లో బ్యాటరీతో నడిచే రైలును తెచ్చింది. 1991లో వచ్చిన రైళ్లలో పట్టాల పైభాగం లోహంతో ఉండేది. 9 వోల్టుల విద్యుత్తు ఆ పట్టాల గుండానే మోటారుకు చేరేది. అయితే ఆ మోటారు చిన్న చక్రాలతో కలిసిన ఒక దిమ్మె. దానిని పొగబండి బొమ్మకు అమర్చాలంటే సాధారణంగా టెండరు కింద పెట్టవలసి వచ్చేది. ఇంజను వెనుక బొగ్గునూ నీటినీ మోసే బండిని టెండరు అంటారు. చూసేవారికి ఇంజనే బండిని లాగుతున్నట్లు ఉండేది. నిజానికి వెనుకనున్న టెండరు ఇంజనును నెట్టుకొని పోయేది! పెద్ద చక్రాలు ఉత్తగా దొర్లేవి.

2009లో వచ్చిన ‘ఎమరాల్డ్ నైట్’ అనే బొమ్మతో ఈ కొరత తీరింది. అందులో 1085 ముక్కలు ఉన్నాయి. ముదురాకుపచ్చ రంగు గల ఆ బొమ్మను చూడగానే, 1923లో ఇంగ్లండులోని డాంకస్టరులో తయారైన ‘ఫ్లయింగ్ స్కాట్స్‌మన్’ ఇంజను గుర్తుకు వస్తుంది. ఆ ఇంజనుకు ముందు నాలుగు చిన్న చక్రాలు, నడుమ ఆరు పెద్ద చక్రాలు, వెనుక రెండు చక్రాలు. మన దేశంలో 1947 నుండి ఎక్స్‌ప్రెస్ బండ్లను లాగిన, కోసుగా పొడుచుకు వచ్చిన ముక్కు గల డబ్ల్యూపీ తరగతి ఇంజనుదీ ఇదే అమరిక. ఎమరాల్డ్ నైట్ బొమ్మలో మోటారు ఇంజను లోపలే ఒదుగుతుంది. పెద్ద చక్రాలను అదే తిప్పుతుంది. ఆ మోటారును మాత్రం విడిగా కొనుక్కోవలసి వచ్చేది.

ఇక కట్టేవారికి ఎదురయ్యే చిక్కులు చూద్దాం. మోటారు బాయిలరు పొడవునా పడుకొని ఉంటుంది. చక్రాల ఇరుసు దానికి అడ్డంగా ఉంటుంది. కాబట్టి అంచులు ఏటవాలుగా కోసిన రెండు పళ్లచక్రాలను ఒకదానితో ఒకటి కలిపి, తిరుగుడును లంబకోణంలో మళ్లిస్తారు. ఇది సులువైన పనే.

అసలు చిక్కు కడ్డీలతో వస్తుంది. కడ్డీని చక్రానికి బిగించే చీల, చక్రం నడిమికి సరిగ్గా ముందుకో వెనుకకో వచ్చినపుడు, కడ్డీ నెట్టే దారి ఇరుసు మీదుగా పోతుంది. అప్పుడు ఎంత నెట్టినా చక్రం తిరగదు. సైకిలు తొక్కేవారికి ఇది అనుభవమే. పెడలు నిట్టనిలువుగా పైన ఉన్నపుడు దాని మీద ఎంత అదిమినా సైకిలు కదలదు. పైగా సైకిలు పెడళ్లు ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి రెండూ ఒకేసారి ఆ స్థితికి వస్తాయి. రెండు సిలిండర్ల ఇంజనులలో ఆ ఇబ్బంది లేకుండా కుడి చీలకూ ఎడమ చీలకూ నడుమ పావుచుట్టు తేడా ఉంచారు. ఒక పక్క కడ్డీ బలం చాలించుకొన్న క్షణంలోనే రెండవ పక్క కడ్డీ నిండుబలంతో నెడుతుంది.

బొమ్మలోనూ ఈ ఏర్పాటు తప్పదు. రెండు పక్కల చీలలూ ఒకే స్థితిలో ఉంటే, మోటారు తిప్పే చక్రం ముందుకు పోతుండగా, కడ్డీతో తిరగవలసిన చక్రం ఒక్కొక్కసారి వెనుకకు మళ్లజూస్తుంది. కడ్డీ బిగుసుకొంటుంది. మోటారు మూలుగుతూ నిలబడిపోతుంది. దీనికి మందు ఇరుసులోనే ఉంది. లెగో ఇరుసును అడ్డంగా కోసి చూస్తే కూడిక గుర్తులా ఉంటుంది. చక్రం దాని మీద నాలుగు స్థితులలో మాత్రమే కూర్చొంటుంది. ఒక పక్క చక్రాన్ని ఊడదీసి, ఒక మెట్టు తిప్పి మళ్లీ తొడిగితే సరిగ్గా పావుచుట్టు తేడా వస్తుంది. కొలతబద్ద అక్కరలేదు. ఫ్లయింగ్ స్కాట్స్‌మన్‌కు మూడు సిలిండర్లు ఉన్నాయి. దాని చీలల నడుమ తేడా సుమారు మూడవవంతు చుట్టు. నాలుగు మెట్ల ఇరుసుతో అది కుదరదు. అక్కడ బొమ్మ పావుచుట్టుతో సరిపెట్టుకొంటుంది.

మరొక చిక్కు మలుపులది. లెగో పట్టాల మలుపు వ్యాసార్ధం 320 మిల్లీమీటర్లు. మొదటి పెద్ద చక్రానికీ మూడవ దానికీ నడుమ 80 మిల్లీమీటర్లు ఉన్నాయనుకొందాం. అంత దూరంలో పట్టా నడిమిభాగం రెండున్నర మిల్లీమీటర్లు పక్కకు వంగుతుంది. నడిమి చక్రానికి కూడా అంచుకట్టు ఉంటే అది పట్టాను ఒరుసుకొని పైకెక్కుతుంది. అందుచేత నడిమి జతకు అంచుకట్టు లేని నున్నని చక్రాలు వేస్తారు. చక్రాలు జారకుండా అంచుకట్టు గల వాటికి సన్నని రబ్బరు పట్టీలు తొడుగుతారు.

అనుభవం గలవారు బాయిలరు మూసేముందు ఒక పరీక్ష చేస్తారు. మోటారును ఇంకా కలపకుండా, ఇంజనును చేతిలోకి తీసుకొని చక్రాలను వేలితో మెల్లగా ఒక పూర్తి చుట్టు తిప్పుతారు. ఎక్కడైనా పట్టేసినట్లు తగిలితే అక్కడే ఆగి, చీలలను సరిచూస్తారు. ఇటుకలన్నీ పేర్చిన తరువాత తప్పు బయటపడితే ఇంజనులో సగం విప్పవలసి వస్తుంది. చక్రాలు తడబడకుండా తిరిగిన తరువాతనే మోటారును కలిపి, పైకప్పు మూసి, వెనుక టెండరును తగిలిస్తారు. బొగ్గూ నీరూ ఉండవలసిన ఆ టెండరులో ఒక్కొక్కటి ఒకటిన్నర వోల్టుల బ్యాటరీలు ఆరు ఉంటాయి.

ప్రశ్నలు

1. టెండరు ఇంజనును నెట్టుకొని పోయేదని ఎందుకు అన్నారు?
2. సైకిలు పెడళ్లకూ ఇంజను చీలలకూ గల తేడాను బొమ్మ గీసి వివరించండి.
3. 20 పళ్ల చక్రం 12 పళ్ల చక్రాన్ని తిప్పుతున్నది. మొదటిది 150 చుట్లు తిరిగితే రెండవది ఎన్ని చుట్లు తిరుగుతుంది?
4. మీ ఇంటిలోని పెద్దలు పొగబండిలో ప్రయాణం చేసి ఉంటే, వారిని అడిగి ఆ విశేషాలను పది వాక్యాలలో రాయండి.